బుద్ధుడి కుడిచెయ్యి ఎడమైతే: మంత్రిగారికి శ్రీకాళహస్తి నుంచి ఒక ఉత్తరం

రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

నేను శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసుకుని బతికేవాణ్ని. ఇరవై ఆరేళ్ల నుంచి ఇదే పని. మా ఇంట్లో ట్రంకుపెట్టెలో పన్నెండు బుద్ధుడి తెరలు మడతపెట్టి ఉన్నాయి. అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు, పారేద్దామంటే చేతులు రావు. వాటి సంగతి చెప్పి, మిమ్మల్ని ఒక్క గది అడుగుదామని రాస్తున్నాను.

నిరుడు ఒక ఎగుమతి వ్యాపారి జత తెరలు కావాలని వచ్చాడు. వాకిలికి అటొకటి, ఇటొకటి వేలాడదీసేవి. మొత్తం పన్నెండు జతలు. డిజైన్ ఫోన్‌లో పంపాడు. బుద్ధుడు పద్మాసనంలో కూర్చుని ఒక చెయ్యి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో నేలను తాకుతుంటాడు. రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి చూసుకున్నట్టు ఉండాలని, వాళ్ల డిజైనర్ కంప్యూటర్లో ఒకదాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేశాడు. మా దగ్గర పనిచేసే కుర్రాడు పట్టుకున్నాడు కూడా. "అన్నా, దీంట్లో కుడిచెయ్యి నేలమీదుంది, దాంట్లో ఎడమచెయ్యి ఉందే?" అన్నాడు. "ఏ చెయ్యయితే ఏమిరా, బుద్ధుడే గదా" అన్నది నేనే. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను.

సరుకు కొలంబో చేరింది. పన్నెండు తెరలు ఉంచుకున్నారు, తిప్పి వేసిన పన్నెండూ వెనక్కి వచ్చాయి. ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది, చెయ్యి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి. భుజం దగ్గర ఇంకో సున్నా. వ్యాపారి సగం డబ్బే ఇచ్చాడు.

కలంకారీ పని తెలియనివాళ్లు "దిద్దుకోవచ్చు గదా" అంటారు. గాడా బట్టను కరక్కాయ రసంలో, ఎనుము పాలలో నానబెట్టి ఆరబెడతాం. చింతపుల్ల బొగ్గుతో గీత గీసినంతవరకూ భయం లేదు, దులిపితే పోతుంది. ఆ పైన కసిమి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే వచ్చే నీళ్లు అవి. కలానికి చుట్టిన ఉన్నిని రెండు వేళ్లతో నొక్కుతుంటే ఆ నీళ్లు చుక్కచుక్కగా దిగుతాయి. కలంలో ఉన్నప్పుడు పలచటి గోధుమరంగు. కరక్కాయ పట్టిన బట్టను తాకగానే కళ్లముందే నల్లబడిపోతుంది. ఇక దాన్ని తీయడం నా వల్ల కాదు, మా గురువు వల్ల కాలేదు.

మన తిరుపతి సంగతే చూడండి. స్వామివారి పటంలో శంఖం కుడిచేతికి, చక్రం ఎడమచేతికి వేస్తే ఏమవుతుంది? అలిపిరి దగ్గర పటాలమ్ముకునే పిల్లవాడు కూడా పట్టేస్తాడు. వరదహస్తం ఎటో, కటిహస్తం ఎటో మనకు ఎవరూ పాఠం చెప్పలేదు, పుట్టినప్పటినుంచి చూస్తున్నాం. కొలంబో దుకాణంవాళ్లకు బుద్ధుడూ అంతే. ఆ దేశంలో కొత్త విగ్రహానికి కళ్లు దిద్దే పనివాడు విగ్రహానికి వీపు చేసి నిలబడి, అద్దంలో చూస్తూ కళ్లు గీస్తాడట. తొలిచూపు నేరుగా మనిషి మీద పడకూడదని. అంత నేమం ఉన్నవాళ్లకు నేను చెయ్యి మార్చి పంపాను.

సరుకు వెనక్కి వచ్చాక గానీ నాకు తెలుసుకోవాలనిపించలేదు. బోధగయలో తపస్సు చెడగొట్టడానికి వచ్చిన మారుడు "నీకు సాక్షి ఎవరు?" అన్నప్పుడు బుద్ధుడు కుడిచేత్తో నేలను తాకి భూమిని సాక్షిగా పిలిచాడు. అదే భూమిస్పర్శ ముద్ర. ఎడమచేత్తో తాకితే ఆ కథే లేదు. జావాలోని బోరోబుదూర్‌లో 504 బుద్ధ విగ్రహాలు చెక్కి పెట్టారు. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, చేతులు చూస్తే తేడా తెలుస్తుంది. తూర్పువైపు వాళ్లు భూమిస్పర్శ, దక్షిణాన వరదం, పడమర ధ్యానం, ఉత్తరాన అభయం. చేతిని బట్టే దిక్కు చెప్పొచ్చన్నమాట. థాయిలాండ్‌లో వారంలో రోజుకో భంగిమ. మంగళవారం పుట్టినవాళ్లకు పడుకున్న బుద్ధుడు, శనివారం వాళ్లకు నాగుపాము పడగ కింద కూర్చున్న బుద్ధుడు. జపాన్‌లో కామకురా పెద్ద విగ్రహం మనం అనుకునే గౌతముడే కాదు, అమితాభుడు అనే ఇంకో బుద్ధుడు. ఇక మన ఊళ్లో ప్రతి ఫ్యాన్సీ షాపులో బొజ్జ వేసుకుని నవ్వే 'లాఫింగ్ బుద్ధ' అసలు బుద్ధుడే కాదు. పదో శతాబ్దంలో చైనాలో సంచి భుజాన వేసుకుని తిరిగిన బుదాయ్ అనే సన్యాసి ఆయన. మా బావమరిది గల్లాపెట్టె మీద ఉన్నాడు. ఈ మాట చెబితే నమ్మలేదు, "ఎవరైతేనేం, వ్యాపారం బాగుంది" అన్నాడు.

నాకు ఎక్కువ సిగ్గనిపించింది మాత్రం ఇంకో విషయానికి. కొలంబోవాళ్లు రెండో సున్నా చుట్టిన ఆ భుజం ఉంది చూడండి, కుడిభుజం వదిలేసి ఎడమభుజం మీదుగా వస్త్రం, కింద అంచు దగ్గర బరువైన మడత, అది మన అమరావతి, నాగార్జునకొండ శిల్పులు రాతిమీద దిద్దిన తీరు. మొదట్లో అమరావతిలో బుద్ధుడికి రూపమే ఇవ్వలేదు. ఖాళీ ఆసనం, బోధివృక్షం, చక్రం, రెండు పాదాలు, అంతే. తరవాత మనిషి రూపం వచ్చింది, మన సముద్రం మీదుగా దాటిపోయింది. నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటి సింహళ విహారం గురించి చెబుతుంది, అంటే లంక భిక్షువుల కోసం అక్కడ ఒక మఠమే ఉండేది. వియత్నాంలో డాంగ్ డుయాంగ్ అనే చోట 1911లో మీటరు పైచిలుకు కంచు బుద్ధుడు దొరికాడు. ఆ విగ్రహం ఎక్కడ పోతపోశారో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు గానీ, వస్త్రం మడతలో అమరావతి పోలిక ఉందన్నది పాత మాటే. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో దొరికిన కంచు బుద్ధుడి గురించీ ఇదే మాట. మనవాళ్లు నేర్పిన భుజాన్ని కొలంబోవాళ్లు నాకు ఎర్రసున్నా చుట్టి చూపించారు.

అమరావతి శిల్పాలు చూద్దామని బయల్దేరితే మాకు దగ్గర దారి ఏదో తెలుసా సార్? అమరావతి కాదు, చెన్నై. ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్‌లో ఇంకో నూరుకు పైగా ఉన్నాయంటారు, అవి ఎలాగూ మాకు అందేవి కావు. కాళహస్తిలో బస్సెక్కి చెన్నై పోయాను. ఒక గుండ్రటి ఫలకం ముందు గంటసేపు నిలబడ్డాను. నలగిరి ఏనుగు కథ. ఒకే ఫలకంలో ఏనుగు రెండుసార్లు ఉంది. ఒక పక్క తొండంతో మనుషుల్ని విసిరేస్తోంది, రెండో పక్క బుద్ధుడి ముందు మోకాళ్లు వంచింది. మధ్యలో భయపడి ఒకరినొకరు పట్టుకున్న ఆడవాళ్లు, పైన కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్లు. మేం కలంకారీలో రామాయణం వేసేటప్పుడు ఒకే గడిలో ఒకే మనిషిని రెండుసార్లు వేస్తాం. అది మా పద్ధతే అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ. గీసుకుందామని కాగితం, పెన్సిలు పట్టుకుపోయాను గానీ జనం తోపులాటలో రెండు మొహాలకు మించి కాలేదు.

ఇదీ నేను అడిగేది. తిరుపతిలోనో, శ్రీకాళహస్తిలోనో ఒక నమూనా గది. మ్యూజియం వద్దు, టికెట్ వద్దు, రిబ్బన్ కటింగ్ ఉన్నా మానినా సరే. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో పాతిక ముప్పయింటికి ప్లాస్టర్ అచ్చులు తీయించి పెట్టండి, చేత్తో తడిమి చూసేట్టు. గోడలకు లంక, థాయిలాండ్, జావా, టిబెట్, జపాన్ బొమ్మల పెద్ద ఫొటోలు, కింద తెలుగులో నాలుగు ముక్కలు: ఏ చెయ్యి, ఏ భుజం, ఎవరు, ఎందుకు. ఇది ఒక్క కలంకారీ వాళ్లకే కాదు. మాధవమాలలో కొయ్య చెక్కేవాళ్లకు బుద్ధుడి ఆర్డర్లు వస్తాయి, వాళ్లూ ఫోన్ చూసే చెక్కుతారు. తిరుపతిలో టీటీడీ శిల్ప కళాశాల ఉంది. దేవతామూర్తులకు తాళమానం ప్రకారం తలనుంచి పాదం దాకా కొలత చెప్పగలిగిన గురువులున్నారు. బుద్ధుడికీ ఒక కొలత పట్టీ గీసిపెట్టమంటే కాదనరు.

నా ట్రంకుపెట్టెలోంచి ఒక తెర ఊరికే ఇస్తాను. సరైనదాని పక్కన కట్టండి, చూసేవాళ్లకు తేడా తెలుస్తుంది.

ఇంకొక్క మాట. గది పెడితే ఆదివారం తెరిచి ఉంచమని చెప్పండి. మిగతా రోజుల్లో వస్తే మాకు ఆ రోజు కూలి పోతుంది. ఆఫీసు టైములో తెరిచి ఐదింటికి తాళం వేస్తే మేం ఆ గదిని బయటినుంచే చూడాలి.

ఇట్లు,
శ్రీకాళహస్తి నుంచి ఒక కలంకారీ పనివాడు