ఆదివారం టారో క్లాసు: అందరూ చూడండి

అందరికీ నమస్తే అండి.
ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు రాఘవయ్య పార్కులో కలుద్దాం. ఎండ ముదరకముందే, 8:30 కల్లా ముగించేద్దాం.

ఆఫీసు, పిల్లల చదువుల మధ్య టైమ్ దొరకట్లేదని చాలామంది అన్నారు. టారో అంటే జోస్యానికి వాడే బొమ్మల కార్డులు; ఆ 78 కార్డులూ చూసి టెన్షన్ పడకండి. ముందు మేజర్ ఆర్కానా, అంటే ముఖ్యమైన కార్డులు, 22 చాలు. రోజుకొక కార్డు, 10 నిమిషాలు. పుస్తకం తెరవకముందే బొమ్మను బాగా చూడండి, తోచింది రాసుకోండి, ఆ తర్వాతే అర్థం చదవండి. నాకు కార్డులు గుర్తుండిపోయింది ఇలాగే. మిగతా 56 నాలుగు గుంపులు, ఒక్కోదాంట్లో 14. పేకాట వచ్చినవాళ్ళకి తేలిగ్గా పట్టుబడతాయి.

డెక్ (కార్డుల కట్ట), నోట్‌బుక్, కూర్చోడానికి దుప్పటి తెచ్చుకోండి. డెక్ లేనివాళ్ళు శనివారం రాత్రి 8 లోపు ఇక్కడే చెప్పండి, నా దగ్గర రెండున్నాయి.

వచ్చేవాళ్ళు కింద పేరు పెట్టండి. ఈ వారం రాసుకున్నవి మర్చిపోకుండా తీసుకురండి.