బీపీ ఉంటే ఆపరేషన్‌కు అర్హత లేదా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల క్రితం మీ ఆరోగ్య పేజీలో ముఖ నరం నొప్పి గురించి వ్యాసం వేశారు. రక్తపోటు ఉన్నవారికి శస్త్రచికిత్స పనికిరాదని, మాత్రలతోనో, చెంపలోంచి నాడికి సూది పంపే పద్ధతితోనో సర్దుకోవాలని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాలుగేళ్లుగా మేము వింటున్న మాట అదే కనుక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

నా భార్యకు ఫ్యాను గాలి తగిలినా, అన్నం ముద్ద నమిలినా కుడి చెంపలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది. పంటి నొప్పి అనుకొని రెండు మంచి పళ్లు పీకించాం. పళ్లు పోయాయి, నొప్పి ఉండిపోయింది. మెదడు మొదట్లో, ముఖంలోని స్పర్శను మెదడుకు చేర్చే త్రిధార నాడిని ఒక రక్తనాళం ఒరుసుకుంటోందని ఎంఆర్ఐ తీశాక గానీ తెలియలేదు. చెవి వెనుక ఎముకను కొద్దిగా తెరిచి, ఆ నాళానికీ నాడికీ మధ్య టెఫ్లాన్ పీచు అడ్డుపెట్టే ఆపరేషన్ నిన్న మొన్నటిది కాదు. పీటర్ జానెటా అనే అమెరికా వైద్యుడు 1960లలోనే దానికి దారి వేశారు. వెయ్యికి పైగా రోగులను గమనించి ఆయన బృందం 1996లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పదేళ్ల తర్వాత కూడా నూటికి 70 మంది మందుల అవసరం లేకుండా, నొప్పి లేకుండా ఉన్నారు.

రక్తపోటు అదుపులో లేకుండా తల తెరిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుందన్నది నిజమే. అయితే బీపీ ఉండడం వేరు, అది అదుపులో లేకపోవడం వేరు. మోకాళ్లు మార్పించుకునేవారిలో, గుండెకు బైపాస్ చేయించుకునేవారిలో బీపీ లేనివారు ఎందరు? బీపీవారికి భయం లేనిదంటూ మీరు మెచ్చుకున్న, చెంపలోంచి సూది పంపే పద్ధతిలో కూడా సూది నాడిని చేరే సమయంలో రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకవచ్చు.

ఇక మాత్రల సంగతి. ఈ నొప్పికి ఇచ్చే కార్బమజెపైన్ వాడుతుంటే ఆమ్లోడిపైన్ వంటి బీపీ మందుల బలం తగ్గవచ్చు. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు తోడైతే రక్తంలో సోడియం పడిపోవచ్చు. నొప్పికి బీపీ పెరగడం ఎలాగూ ఉన్నదే. అంటే ఆపరేషన్ బదులు ఇచ్చిన మందే బీపీ మందును నీరుగారుస్తుంటే, పెరిగిన ఆ బీపీని చూపించి ఆపరేషన్ వద్దంటున్నారన్న మాట!

ఆసుపత్రిలో నరాల విభాగం వారు ఫిట్‌నెస్ కోసం గుండె విభాగానికి, వారు జనరల్ మెడిసిన్‌కు పంపుతారు. ఒక్కొక్కరి ఓపీ ఒక్కో రోజు. చెంప పట్టుకొని మూడు గంటలు వరుసలో నిలబడిన మనిషికి బీపీ చూసి, 170 ఉందని వెనక్కి పంపారు. అంతసేపు అక్కడే నిలబడితే అధికారులకు ఎంత ఉంటుందో కూడా చూడవలసింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చడంలో ఉన్న చురుకు, ఈ ముగ్గురు వైద్యులను ఒకే రోజు ఒకే గదిలో కూర్చోబెట్టడంలో ఎందుకు లేదో వారే చెప్పాలి.

మీ వంతుగా ఆ వాక్యాన్ని సవరిస్తూ నాలుగు ముక్కలు వేయండి. అది చదివి మా బంధువులు ఇప్పటికే ఇద్దరు ఫోన్ చేసి ఆపరేషన్ ఆలోచన మానుకోమన్నారు. మాకు మాత్రం వచ్చే నెల మళ్లీ ఫిట్‌నెస్ తేదీ ఇచ్చారు. పోయినసారి తీసిన ఈసీజీ పాతబడిందట.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు