పర్లాకిమిడి తెలుగువారి వార్షిక నివేదిక: ఈ ఏడాది తుమ్మబంక, రంగులు, ఎండ

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది కవి సమ్మేళనం, పిల్లల పద్యాల పోటీ, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి, ఫోటోలు వాట్సాప్‌లో అందరూ చూసే ఉంటారు కాబట్టి వాటి గురించి మళ్ళీ రాయను. జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదువుతారు. ఈసారి ఎక్కువ చోటు ఫోటో విభాగానికే, ఎందుకంటే "మేడ మీద ఆ నారింజరంగు నీళ్ళేంటండీ" అని అడగనివాళ్ళు లేరు.

మనవాళ్ళు చేసింది గమ్ బైక్రోమేట్ ప్రింటింగ్. తుమ్మబంకను నీళ్ళలో కరగబెట్టి, వాటర్ కలర్, పొటాషియం డైక్రోమేట్ ద్రావణం కలిపి కాగితానికి పల్చగా పూస్తారు. ఆరాక నెగటివ్ పరిచి, గాజు పలకతో నొక్కి ఎండలో పెడతారు. ఎండ తగిలినచోట బంక గట్టిపడుతుంది, తగలనిచోట రంగుతో సహా నీళ్ళలోకి దిగిపోతుంది. డైక్రోమేట్ పట్టించిన కాగితం వెలుగుకి మారుతుందని స్కాట్లాండులో మంగో పాంటన్ 1839లోనే చెప్పాడు, 1890ల్లో ప్యారిస్‌లో రాబర్ట్ డెమాషీ లాంటి ఫోటోగ్రాఫర్లు ఈ పద్ధతికి మళ్ళీ ఊపు తెచ్చారు. డార్క్‌రూమ్ అక్కర్లేదు, మామూలు బల్బు వెలుతురులో పూసుకోవచ్చు, కడగడానికి కుళాయి నీళ్ళు చాలు.

ఒకే రంగుతో వేసిన ప్రింట్లు బాగానే వచ్చాయి. అసలు గొడవ చేత్తో రంగులు వేద్దామన్నప్పుడు మొదలైంది. నౌపడా నుంచి మన ఊరికి 1900లో వచ్చిన చిన్న రైలు గుర్తుందిగా, బ్రాడ్‌గేజ్ కాకముందు దాని ఇంజన్‌ని ఒక సభ్యుడి నాన్నగారు తీసిన ఫోటో దొరికింది, దాన్ని స్కాన్ చేసి ట్రాన్స్‌పరెన్సీ షీటు మీద పెద్ద నెగటివ్ చేయించాం. పూర్తయిన గోధుమరంగు ప్రింటు మీద బ్రష్‌తో రంగులు అద్దితే చాలదా అని ఒక వర్గం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ వాటర్ కలర్‌ని పట్టి ఉంచేది కూడా సాధారణంగా తుమ్మబంకే, డైక్రోమేట్ లేకపోతే అది గట్టిపడదు, ఇంకో పూత వేసి మళ్ళీ కడుగుదామంటే అద్దిన రంగంతా ట్రేలో తేలుతుంది. పైగా నీడా వెలుగూ తేడా లేకుండా రంగు ఒకేలా పరుచుకుంటుంది.

రెండో వర్గం ప్రతి రంగునీ విడిగా బంకలో, డైక్రోమేట్‌లో కలిపి దేని చోట దాన్నే పూసింది: ఇంజన్‌కి ఇటుకరంగు, వెనక కొండకి ఆకుపచ్చ, పొగకి నీలం కలిసిన బూడిదరంగు. నెగటివ్ ఒకటే, ఎండలో పెట్టడం కూడా ఒక్కసారే. ఎంత రంగు నిలవాలో నెగటివే తేలుస్తుంది. కాగితాన్ని బోర్లా నీళ్ళ మీద వదిలితే రంగు సన్నని దారాల్లా కిందికి జారుతుంది, కాసేపటికి చక్రాల కమ్మీలు ఒక్కొక్కటే బయటపడతాయి. పొగ అంచున మాత్రం కుంచె గీతలు అలాగే ఉండిపోయాయి, నాకు ఆ ప్రింటులో అన్నిటికన్నా నచ్చింది అదే. "ఇది ఫోటోనా బొమ్మా" అని పెద్దలు అడిగారు, డెమాషీని కూడా అప్పట్లో ఇదే అడిగారు లెండి. నా ఓటు రెండో పద్ధతికే, కాకపోతే రెండు రంగులు కలిసే హద్దు దగ్గర చెయ్యి తేలిగ్గా ఆడాలి, లేకపోతే అక్కడ బురదరంగు వస్తుంది.

కాగితాన్ని ముందే వేడినీళ్ళలో నానబెట్టి ఆరబెట్టి, జెలటిన్, పటిక పూత వేసుకోవాలి. లేదంటే కడిగినప్పుడల్లా కుంచించుకుపోయి రెండో పూతకి నెగటివ్ కుదరదు. వానాకాలంలో పని ఆపేశాం, తేమ ఉంటే పూసిన కాగితం చీకట్లో ఉన్నా తనంతట తనే గట్టిపడిపోతుంది.

ఇక డైక్రోమేట్. అది క్యాన్సర్ తెచ్చే పదార్థం, ఇందులో మొహమాటం లేదు. గ్లౌజులు, పొడి తూచేటప్పుడు మాస్కు తప్పనిసరి, పిల్లల్ని ఆ రోజు మేడ ఎక్కనివ్వం, అలిగినా సరే. వాడిన నీళ్ళలో సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే నారింజరంగు పోయి ఆకుపచ్చగా మారుతుంది, అంటే విషం బాగా తగ్గినట్టు. అయినా కాలవలోకి, మహేంద్రతనయ నదిలోకి చుక్క కూడా వదలం. క్యాన్లలో పట్టి తాళం వేసిన గదిలో పెట్టాం. వాటిని పద్ధతిగా ఎవరికి అప్పగించాలన్నది సభ అజెండాలో మొదటి అంశం, తెలిసినవాళ్ళు ఉంటే తప్పకుండా రండి.

పటచిత్ర కళాకారులు వాడే వెలగబంకతో కూడా ఇది కుదురుతుందేమో చూద్దామని ఒక ఒడియా మిత్రుడు సూచించాడు, వచ్చే ఏడాది అది చేస్తాం. ప్రింట్లు సంక్రాంతికి హాల్లో పెడతాం, పేర్లు తెలుగులో, ఒడియాలో రాస్తాం. చందా బాకీ ఉన్నవాళ్ళు సభ రోజే కట్టేస్తే కాగితం కొనడానికి వీలవుతుంది.

— కార్యదర్శి