వేడెక్కగానే ఒక సిలిండర్ ఆగిపోతున్న అవుట్‌బోర్డ్ మోటారు: సరైన పరీక్ష, వారంటీ మరమ్మతు కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ కంపెనీ తయారుచేసిన రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక బిగించేది) వాడుతున్నాను. వారంటీ ఇంకా ఉంది. చల్లగా ఉన్నప్పుడు తాడు లాగగానే స్టార్టయి శుభ్రంగా నడుస్తుంది. కాసేపు లోడు మీద నడిచి వేడెక్కిందంటే చాలు, వణుకు మొదలవుతుంది. ఎంత రేసు ఇచ్చినా బోటు వేగం అందుకోదు. ఐడిలింగ్‌లో పెడితే ఆగిపోతుంది. ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలుగా నడుస్తుంది.

దీన్ని మీ అధీకృత సర్వీస్ సెంటర్‌కి పలుమార్లు తీసుకెళ్లాను. ప్రతిసారీ ఒకటే మాట: పెట్రోల్ బాగాలేదు, కార్బురేటర్‌లో మడ్డి చేరింది. విప్పి కడిగారు, ప్లగ్గులు మార్చారు, బిల్లు చేతిలో పెట్టారు. పెట్రోల్ వల్ల వచ్చిన తేడా వారంటీ కిందికి రాదన్నారు. ఆ తర్వాత నీటి గొట్టం తగిలించి, లోడు లేకుండా కాసేపు నడిపి, బాగుందని పంపించేశారు. లోపం బయటపడేది వేడెక్కాకే అని ఎంత చెప్పినా వినలేదు.

కార్బురేటర్‌ని అనుమానించడం తప్పని నేను అనను. నిల్వ ఉన్న పెట్రోల్ జిగురు కట్టి జెట్లను, అంటే ఇంధనం వెళ్లే సన్నని రంధ్రాలను, మూసేయడం ఈ మోటార్లలో మామూలే. అయితే అనుమానించాక కొలిచి తేల్చుకోవాలి. నాకిచ్చిన జాబ్ కార్డుల్లో కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టను నొక్కితే వచ్చే ఒత్తిడి) ఎంత ఉందో లేదు, స్పార్క్ చూశారో లేదో లేదు. ఒక్క రీడింగు కూడా రాయలేదు. నా అసలు ఫిర్యాదు ఇదే.

వాళ్లు చేయని పరీక్షలు అనుభవమున్న మెకానిక్‌ను పక్కన పెట్టుకుని చేశాను. వణుకు మొదలయ్యాక మోటారు ఆపి ప్లగ్గులు తీస్తే, పైసిలిండర్ ప్లగ్గు బిస్కెట్ రంగులో పొడిగా ఉంది. కిందిది నల్లగా, పెట్రోల్ ఆయిల్ కలిసి కారుతూ ఉంది. తడిసిన ప్లగ్గు అంటే పెట్రోల్ అందుతోంది, మండటం లేదు. పైగా ఈ మోటారులో రెండు సిలిండర్లకూ కార్బురేటర్ ఒక్కటే. అది మూసుకుపోయి ఉంటే పైసిలిండర్ మాత్రం అంత బాగా ఎలా మండుతుంది? వేరే ట్యాంకులో తాజా పెట్రోల్ పోసి, మూత మీది గాలి స్క్రూ తెరిచి నడిపాం. తేడా లేదు. వణుకుతున్నప్పుడు పెట్రోల్ పైపు మీది రబ్బరు బల్బు (చేత్తో నొక్కి ఇంధనం పంపేది) నొక్కి చూశాం. ఇంధనం చాలకపోతే అలా నొక్కినప్పుడు ఇంజను కాస్తయినా పుంజుకోవాలి. పుంజుకోలేదు.

కంప్రెషన్ పైదానికి 120 పీఎస్ఐ, కిందిదానికి 115 వచ్చింది. ఆ మాత్రం తేడా లెక్కలోకి రాదు, కాబట్టి పిస్టను, రింగుల మీద అనుమానం పోయింది. తర్వాత రెండు ప్లగ్ వైర్లకూ స్పార్క్ టెస్టర్లు పెట్టి నడిపాం. చల్లగా ఉండగా రెండూ వెలిగాయి. వేడెక్కేసరికి కిందిది తడబడి, ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే వణుకు మొదలైంది. ఇగ్నిషన్ కాయిళ్లను ఒకదాని చోట ఒకటి మార్చినా లోపం కింది సిలిండర్‌లోనే ఉండిపోయింది. కాయిల్‌ది తప్పయితే దానితోపాటు లోపం కూడా పైకి వెళ్లాలి. కాబట్టి తేడా స్పార్క్ ఎప్పుడు రావాలో సంకేతమిచ్చే పల్సర్ కాయిల్‌లో గానీ, ఆ సంకేతంతో ఇగ్నిషన్ కాయిళ్లకు కరెంటు పంపే సీడీఐ బాక్సులో గానీ, వాటి మధ్య వైరింగులో గానీ ఉంది. ఏది అన్నది తేల్చాల్సింది మీ నిపుణులు. కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా ఆరిపోయిన స్పార్క్ తిరిగి రాదు.

ఇంకో విషయం మీ దృష్టికి తేవాలి. ఆయిల్ పాళ్లు పెంచి 25:1 (25 పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్) కలపమని సర్వీస్ సెంటర్‌లో సలహా ఇచ్చారు. మీ మాన్యువల్‌లో రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజను మొదట్లో జాగ్రత్తగా నడిపే కాలం) అయ్యాక 50:1 అని, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లని స్పష్టంగా ఉంది. నేను బోటు టూ-స్ట్రోక్ మోటార్ల కోసం చేసిన టీసీ-డబ్ల్యూ3 రకం ఆయిల్‌నే అదే కొలతతో వాడుతున్నాను. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్గులు త్వరగా మసిబారతాయి. అదే జెట్ గుండా వెళ్లే పెట్రోల్ వాటా తగ్గి, గాలితో పోలిస్తే ఇంధనం పలచబడుతుంది కూడా. మీ పేరుతో నడిచే చోట మీ మాన్యువల్‌కే విరుద్ధంగా చెబుతుంటే కస్టమర్ ఎవరి మాట నమ్మాలి?

ఇది చిన్న ఇబ్బంది కాదు. బోటు మోటారు ఆగితే బండిలా పక్కకు తీసి నిలపడం కుదరదు. ఎదురుగాలిలో, ప్రవాహంలో ఒక్క సిలిండర్ మీద మనుషులతో ఒడ్డు చేరడమంటే ప్రాణాలతో చెలగాటం. మండని పెట్రోలూ ఆయిలూ ఎగ్జాస్ట్ గుండా నీళ్లలో కలిసి, బోటు వెనక రంగులు తేలే పొర పరుచుకుంటోంది. అది చూస్తూ నడపడానికి నాకు మనసొప్పడం లేదు.

అందుచేత ఈ మోటారును మీ కంపెనీ టెక్నీషియన్ స్వయంగా పరీక్షించాలి. టెస్ట్ ట్యాంకులో, టెస్ట్ ప్రొపెల్లర్‌తో, లోపం బయటపడేదాకా నడపాలి. ఆ వేడి మీదే పల్సర్ కాయిల్, సీడీఐ అవుట్‌పుట్‌లను పీక్ వోల్టేజ్ అడాప్టర్‌తో (క్షణకాలపు పల్సుల గరిష్ఠ వోల్టేజీని పట్టే పరికరం) కొలవాలి. చల్లారాక ఓమ్స్ (రెసిస్టెన్స్) చూసి సరేననడం చాలదు. వేడికి తెగే కనెక్షన్ చల్లారగానే కలిసిపోతుంది. మామూలు మల్టీమీటర్ ఆ పల్సులను సరిగ్గా పట్టుకోలేదు. వచ్చిన రీడింగులన్నీ జాబ్ కార్డు మీద రాసి నాకో కాపీ ఇవ్వాలి. పాడైన భాగాన్ని వారంటీ కింద మార్చాలి. అవసరం లేకుండా చేసిన కార్బురేటర్ పనికి, ప్లగ్గులకు తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలి. మోటారు వాడకానికి రాకుండా పోయిన కాలాన్ని వారంటీకి కలపాలి.

బిల్లులు, జాబ్ కార్డులు, ప్లగ్గుల ఫొటోలు, స్పార్క్ టెస్టర్ ఆరిపోవడం కనిపించే వీడియో ఈ లేఖతో పంపుతున్నాను. అప్పుడు తీసిన ప్లగ్గులు కూడా దాచి ఉంచాను, మీ మనిషి వస్తే చూపిస్తాను. ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా, 15 రోజుల్లోగా జవాబివ్వండి. ఈలోపు సర్వీస్ సెంటర్ వాళ్లు మోటారును మళ్లీ విప్పకుండా ఆదేశించగలరు.

ఇట్లు,
మీ మోటారు వినియోగదారు