కొలంబస్ కంటే ముందే

సంపాదకునికి,

అమెరికా ఖండాన్ని చేరిన తొలి ఐరోపావాసి కొలంబస్ అని మీ పిల్లల పేజీ మళ్లీ రాసింది. 1492కు దాదాపు ఐదు శతాబ్దాల ముందే గ్రీన్‌లాండ్‌లో స్థిరపడిన ఉత్తర ఐరోపా నావికులు, అంటే వైకింగులు, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర కొసన ఇళ్లు కట్టుకున్నారు. లాన్స్ ఓ మెడోస్ అనే ఆ చోటును 1960లో నార్వే దంపతులు హెల్గె, అన్నె స్టీనె ఇంగ్‌స్టాడ్ గుర్తించారు. పచ్చికమట్టి గోడల ఆనవాళ్లు, ఇనుము కరిగించిన కొలిమి, ఉన్ని వడికే కదురు బిళ్ల అక్కడ బయటపడ్డాయి. కదురు ఉందంటే ఆ ఓడల్లో స్త్రీలూ వచ్చి ఉంటారు. మన పుస్తకాల్లోని వైకింగులు మాత్రం గొడ్డళ్లు పట్టిన మగవాళ్లే! అక్కడి చెక్కముక్కల వలయాల్లో 993 నాటి సౌర తుఫాను జాడ దొరకడంతో, దాని తర్వాతి వలయాలను లెక్కపెట్టి ఆ చెట్లను 1021లో నరికారని శాస్త్రవేత్తలు 2021లో తేల్చారు. సంవత్సరంతో సహా తేలాక కూడా ఈ పాత పాట ఎందుకు?

ఇక వైకింగుల తలకు తగిలించే కొమ్ముల శిరస్త్రాణం బొమ్మ. అది 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకానికి తయారుచేసిన వేషాలతో ప్రచారమైంది. నార్వేలోని జెర్మున్‌బూలో 1943లో దొరికిన అసలు శిరస్త్రాణానికి కొమ్ములు లేవు. వచ్చే వారం సవరణ వేయగలరు.

– ఒక చరిత్ర ఉపాధ్యాయురాలు, ఏలూరు