మందూ కావాలి, మొక్కూ కావాలి

ఎడిటర్ గారికి,

పోయిన ఏడాది మా ఆవిడకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. కీమో ఎక్కించిన రాత్రుల్లో నిద్ర పట్టేది కాదు. ఇంద్రకీలాద్రి నుంచి తెచ్చిన కుంకుమ పొట్లం తలగడ కింద పెట్టుకుని అమ్మవారి నామాలు మొదలెట్టేది, సగంలోనే కునుకు పట్టేది. పక్కింటావిడ గుణదల మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చానని చెప్పిన రోజు, మా ఆవిడ వారం రోజుల్లో మొదటిసారి రెండు ఇడ్లీలు తింది. గడ్డ కరిగింది మందులకే, నాకు అనుమానం లేదు. కానీ ఆరు కీమోలకీ పళ్లబిగువున మనిషిని నడిపించింది ఆ పొట్లమే.

చుట్టం ఒకాయన మాత్రం, ‘ఇంజెక్షన్లు ఆపేసి మండలం దీక్ష పట్టించండి, చాలు’ అన్నాడు. కాఫీ ఇచ్చి పంపేశాను. (కాఫీ కూడా దండగే.) భయంలో ఉన్నవాళ్లు నమ్మేస్తే గతేంటి?

ఒక మనవి. పెద్దాసుపత్రుల్లో రోగుల తాలూకు వాళ్లు మెట్ల మీద, లిఫ్టు పక్కన కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నారు. జపమాల తిప్పుతున్న ఒక ముసలమ్మని సెక్యూరిటీ అతను మూడుసార్లు లేపడం చూశాను. ఏ మతం వాళ్లయినా కూర్చునేలా ఒక గది, ఫ్యాను, రెండు చాపలు ఏర్పాటు చేయాలి.

– ఒక రిటైర్డ్ కండక్టర్, సత్యనారాయణపురం, విజయవాడ