పెళ్లి పత్రిక అని ఏపీకే ఫైల్ వస్తే తెరవొద్దు

మన బైరాగిపట్టెడ అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ,

ముహూర్తాలు మొదలైనాయి. పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది యాప్. చుట్టాల నంబర్ నుంచి వచ్చినా ముట్టుకోవద్దు, వాళ్ల వాట్సాప్ అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. ఆ యాప్‌కి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇచ్చారంటే ఓటీపీలు నేరుగా దొంగలకే.

ఇన్‌స్టాల్ అయిపోయిందా? డేటా, వైఫై ఆపి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ, బ్యాంకుకీ చెప్పండి. గంటలు గడిస్తే డబ్బు చేతులు మారిపోతుంది.

ఆదివారం సాయంత్రం 5కి సెల్లార్‌లో అందరి వాట్సాప్‌కీ టూ స్టెప్ వెరిఫికేషన్ (ఓటీపీతో పాటు పిన్ కూడా అడిగే తాళం) పెట్టేద్దాం. 6 అంకెల పిన్ ముందే అనుకొని రండి. పుట్టిన తేదీ మాత్రం వద్దు సామీ! ఇంట్లో పెద్దోళ్ల ఫోన్లు మర్చిపోవద్దు.

అన్నట్టు, 300 రూపాయల దర్శనం టికెట్లకు ఫార్వర్డ్ లింకులు నొక్కకండి. టీటీడీ సొంత వెబ్‌సైట్‌లోనే.